సూక్ష్మరంధ్రాల పూడిక

నీరు మొదలైన ద్రవాలలో తేలియాడుతూ వచ్చే సన్నని కణాలు ఇరుకైన గొట్టాలలోను, ఇసుక, మట్టి, వస్త్రం, రాతి పగుళ్లు వంటి రంధ్రయుత పదార్థాలలోను చిక్కుకొని ప్రవాహాన్ని క్రమంగా తగ్గించడాన్ని, లేదా పూర్తిగా ఆపివేయడాన్ని సూక్ష్మరంధ్రాల పూడిక అంటారు. చెరువు అడుగున నీరు ఇంకకపోవడం, ఇంకుడు గుంత కొన్నేళ్లకు పనిచేయకపోవడం, బిందు సేద్యంలో డ్రిప్పర్లు మూసుకుపోవడం, తాగునీటి వడపోత తొట్టెలను తరచుగా కడగవలసి రావడం అన్నీ దీనికి ఉదాహరణలే. భూగర్భ జలశాస్త్రం, వ్యవసాయం, నీటి శుద్ధి, చమురు బావులు, వైద్యం మొదలైన అనేక రంగాలలో దీనికి ప్రాధాన్యం ఉన్నది. తెలంగాణ రాష్ట్రంలోని సిద్దిపేట జిల్లా వంటి మెట్ట ప్రాంతాలలో వాన నీరు భూమిలోకి ఎంత ఇంకుతుంది, బోరుబావి ఎన్నాళ్లు నీరిస్తుంది అన్న ప్రశ్నలకు సమాధానం చాలావరకు ఈ పూడిక పైననే ఆధారపడి ఉంటుంది.

కణాలు, రంధ్రాల పరిమాణం

నీటిలోని కణాలను వాటి పరిమాణాన్ని బట్టి వర్గీకరిస్తారు. ఇందుకు వాడే కొలత మైక్రాన్. ఒక మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్. మనిషి తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది.

ఇసుక: 50 మైక్రాన్ల నుండి 2 మిల్లీమీటర్ల వరకు
ఒండ్రు: 2 నుండి 50 మైక్రాన్ల వరకు
బంకమన్ను: 2 మైక్రాన్ల కంటే తక్కువ
బాక్టీరియాలు: సాధారణంగా అర మైక్రాన్ నుండి 5 మైక్రాన్ల వరకు

నిలకడగా ఉన్న నీటిలో ఈ కణాలు అడుగుకు చేరే వేగంలో ఎంతో తేడా ఉంటుంది. స్టోక్స్ సూత్రం ప్రకారం ఈ వేగం కణం వ్యాసం యొక్క వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. పదో వంతు మిల్లీమీటరు వ్యాసం గల ఇసుక రేణువు ఒక మీటరు లోతును సుమారు రెండు నిమిషాలలో దాటుతుంది. 10 మైక్రాన్ల ఒండ్రు రేణువుకు అదే దూరానికి సుమారు మూడు గంటలు పడుతుంది. ఒక మైక్రాన్ బంకమన్ను కణానికి దాదాపు 13 రోజులు కావలెను. వానాకాలంలో వాగులు, చెరువులలోని ఎర్రనీరు వారాల తరబడి తేరుకోకపోవడానికి కారణం ఇదే. నీటిని కొంతసేపు నిలువ ఉంచితే ఇసుక, ఒండ్రు వేరవుతాయి గాని బంకమన్ను వేరుకాదు. అసలు చిక్కు తెచ్చిపెట్టేది ఎక్కువగా ఆ మిగిలిపోయిన బంకమన్నే.

ఇక రంధ్రాల సంగతి. ఒకే పరిమాణం గల గుండ్రని రేణువులను దగ్గరగా పేర్చినప్పుడు వాటి మధ్యనున్న సందులో నుండి దూరి పోగల గోళం వ్యాసం, ఆ రేణువు వ్యాసంలో సుమారు 15 శాతం మాత్రమే. అంటే అర మిల్లీమీటరు ఇసుకలోని సందుల వెడల్పు 77 మైక్రాన్ల దరిదాపుల్లో ఉంటుంది. ఈ లెక్కన ఒండ్రు, బంకమన్ను, బాక్టీరియాలు ఇసుక పొర గుండా అడ్డు లేకుండా సాగిపోవలెను. కాని వాస్తవంలో అవి చాలావరకు ఇసుకలోనే ఆగిపోతాయి. దీనికి కారణం తెలియాలంటే పూడిక ఏర్పడే వివిధ విధానాలను పరిశీలించవలసి ఉంటుంది.

పూడిక ఏర్పడే విధానాలు

1. జల్లెడ పట్టడం: రంధ్రం కంటే కణం పెద్దదైతే అది దాటలేదు. పిండి జల్లెడలో తవుడు మిగిలినట్లు కణాలు పై భాగంలోనే నిలిచిపోతాయి. అలా నిలిచిన కణాల పొర తానే మరింత సన్నని జల్లెడగా మారి, తరువాత వచ్చే చిన్న కణాలను కూడ ఆపుతుంది.

2. వంతెన కట్టడం: రంధ్రం కంటే చిన్నవైన కణాలు కూడ ఒకేసారి కొన్ని కలిసి వస్తే రంధ్రం ముందు కమాను వలె ఒకదానికొకటి ఆనుకొని నిలిచిపోతాయి. కొమురవెల్లి మల్లన్న జాతరలో ద్వారం ఒక్కొక్కరికి ఎంత విశాలంగా ఉన్నా, అందరూ ఒక్కమారుగా తోసుకొంటే ఎవరూ లోపలికి కదలలేకపోవడం వంటిదే ఇది. రంధ్రం వ్యాసం కణం వ్యాసానికి 3 నుండి 5 రెట్ల లోపు ఉన్నప్పుడు ఇటువంటి కమానులు ఏర్పడే అవకాశం ఎక్కువ. నీటిలో కణాల సాంద్రత పెరిగే కొద్దీ ఈ అవకాశం పెరుగుతుంది. చమురు బావుల ఇంజనీర్లు ఒక స్థూలమైన నియమాన్ని పాటిస్తారు. కణం పరిమాణం రంధ్రంలో మూడో వంతు కంటే పెద్దదైతే ముఖద్వారం వద్దనే అడ్డుపడుతుంది. మూడో వంతుకు, ఏడో వంతుకు మధ్య ఉంటే లోపలికి పోయి అక్కడ పూడుస్తుంది. ఏడో వంతు కంటే చిన్నదైతే సాధారణంగా దాటిపోతుంది.

3. గోడలకు అతుక్కోవడం: రంధ్రం కంటే ఎన్నో రెట్లు చిన్నవైన కణాలు కూడ ప్రవాహంలో పోతూ ఇసుక రేణువులను తాకి అంటుకొంటాయి. బరువైన కణాలు గురుత్వాకర్షణ వలన, అతి సూక్ష్మమైనవి బ్రౌనియన్ చలనం వలన రేణువులను చేరుతాయి. సుమారు ఒక మైక్రాన్ పరిమాణం గల కణాలకు ఈ రెండు ప్రభావాలూ బలహీనమే. అందువలన ఇసుక వడపోతలో అన్నింటికంటే కష్టంగా పట్టుబడేవి అతి చిన్నవి కావు, ఈ మధ్యస్థ కణాలే. 1971లో యావో, హబీబియన్, ఒమీలియా అనే శాస్త్రజ్ఞులు ఈ విషయాన్ని సిద్ధాంత పూర్వకంగా వివరించారు.

4. జీవ సంబంధమైన పూడిక: నీటిలోని బాక్టీరియాలు, నాచు రంధ్రాలలో పెరిగి జిగురు వంటి పాచిని కడతాయి. ఆ జిగురు మట్టి కణాలను పట్టి ఉంచుతుంది. సేంద్రియ పదార్థం ఎక్కువగా ఉన్న మురుగు నీటిలో ఇది వేగంగా జరుగుతుంది.

5. రసాయన పూడిక: నీటిలో కరిగి ఉన్న పదార్థాలు గట్టిపడి పేరుకోవడం వలన ఏర్పడేది. కఠిన జలం నుండి కాల్షియం కార్బొనేట్, ఇనుము ఉన్న నీటికి గాలి సోకినప్పుడు తుప్పు వంటి అవక్షేపం ఏర్పడతాయి. ఇక్కడ నీరు చూడటానికి తేటగానే ఉంటుంది. గొట్టం లోపల మాత్రమే కణాలు పుడతాయి.

ఆచరణలో ఈ విధానాలు విడివిడిగా కాక కలసి పనిచేస్తాయి. అతుక్కొన్న కణాలు సందును ఇరుకు చేయగా, ఆ ఇరుకులో కమానులు సులభంగా కడతాయి. ఆ కమానుల వెనుక సన్నని కణాలు జల్లెడ పట్టబడతాయి. పాచి వాటినన్నింటినీ కలిపి బిగిస్తుంది.

ప్రవాహంపై ప్రభావం

ఫ్రాన్సు దేశపు ఇంజనీరు హెన్రీ డార్సీ 1856లో దిజోన్ నగర నీటి సరఫరా గురించి ప్రచురించిన గ్రంథంలో, ఇసుక గుండా పోయే నీటి పరిమాణం నీటి మట్టాల తేడాకు అనులోమానుపాతంలోను, ఇసుక పొర మందానికి విలోమానుపాతంలోను ఉంటుందని తెలిపాడు. దీనినే డార్సీ నియమం అంటారు. ఒక పదార్థం నీటిని ఎంత సులభంగా పోనిస్తుందో తెలిపే గుణాన్ని పారగమ్యత అంటారు. ఇది రంధ్రాల పరిమాణం యొక్క వర్గాన్ని బట్టి మారుతుంది. రంధ్రాలు సగం ఇరుకైతే పారగమ్యత సగం కాదు, సుమారు నాలుగో వంతుకు పడిపోతుంది. ఒంటరి సన్నని గొట్టం విషయంలో తేడా ఇంకా ఎక్కువ. నీరు నెమ్మదిగా, సాఫీగా సాగే గొట్టంలో వ్యాసార్ధం సగమైతే, అదే ఒత్తిడి వద్ద ప్రవాహం పదహారో వంతుకు తగ్గుతుంది.

పలుచని పూడిక పొర కూడ ఎంత నష్టం కలిగిస్తుందో ఒక లెక్క ద్వారా గ్రహించవచ్చును. రోజుకు 10 మీటర్ల వేగంతో నీటిని పోనివ్వగల ఇసుక పొర ఒక మీటరు మందం ఉన్నదనుకొందాము. దాని నిరోధాన్ని మందం భాగించబడిన వేగంగా లెక్కిస్తే 0.1 రోజు అవుతుంది. దానిపై రోజుకు ఒక సెంటీమీటరు మాత్రమే నీటిని పోనిచ్చే బంకమన్ను, ఒక సెంటీమీటరు మందాన పేరుకొన్నదనుకొందాము. ఆ పలుచని పొర నిరోధం ఒక రోజు. రెండింటి మొత్తం 1.1 రోజులు. అంటే మీటరు ఇసుకపై సెంటీమీటరు బంకమన్ను పడితే ప్రవాహం పదకొండో వంతుకు పడిపోతుంది. ఆ పైపొరను గీకివేస్తే దాదాపు మొదటి ప్రవాహం తిరిగి వస్తుంది. అదే బంకమన్ను ఇసుక లోతుల్లోకి పోయి ఉంటే ఈ ఉపాయం పనిచేయదు. అందువలన పూడిక ఎంత ఉన్నది అనే దానికంటే ఎక్కడ ఉన్నది అనేది ముఖ్యమైన ప్రశ్న.

నీటి రసాయన స్థితి

బంకమన్ను కణాల ఉపరితలంపై సాధారణంగా ఋణ విద్యుదావేశం ఉంటుంది. కనుక అవి ఒకదానినొకటి వికర్షించుకొని విడివిడిగా తేలియాడుతాయి. నీటిలో లవణాలు, ముఖ్యంగా కాల్షియం, అల్యూమినియం వంటివి ఉన్నప్పుడు ఈ వికర్షణ తగ్గి కణాలు గుంపులుగా చేరుతాయి. 1940వ దశకంలో డెర్యాగిన్, లాండౌ అనే రష్యా శాస్త్రజ్ఞులు, వెర్వే, ఓవర్బీక్ అనే డచ్చి శాస్త్రజ్ఞులు ఈ ఆకర్షణ వికర్షణల సిద్ధాంతాన్ని రూపొందించారు.

ఈ సిద్ధాంతం పుట్టక ముందే దాని ఫలితం తెలుగు ఇళ్లలో వాడుకలో ఉన్నది. చిల్లగింజను కడవ లోపలి గోడకు అరగదీసి, అందులో బురద నీరు పోసి ఉంచితే మట్టి అడుగుకు దిగి నీరు తేరుకొంటుంది. పటిక ముక్కను నీటిలో తిప్పడం కూడ ఇదే కోవకు చెందినది. విడి కణాలు గుంపుగా చేరి బరువెక్కడమే ఈ రెండింటి లోని రహస్యం.

దీనికి విరుద్ధమైన ఫలితం చౌడు నేలలలో కనిపిస్తుంది. సోడియం ఎక్కువైన నేలలో బంకమన్ను గుంపులు విడిపోయి, కణాలు నీటితో కదలి, నేల లోని సందులను మూసివేస్తాయి. అటువంటి పొలంలో వాన నీరు ఇంకక పైననే నిలుస్తుంది. జిప్సం వేసినప్పుడు అందులోని కాల్షియం సోడియంను తొలగించి కణాలను మరల గుంపులుగా చేరుస్తుంది. ఆ తరువాత మంచి నీరు కట్టి సోడియంను కిందికి కడిగివేయడం వలన నేల బాగుపడుతుంది. బయటి నుండి ఒక్క మట్టి రేణువు రాకున్నా, నేలలో ఉన్న కణాలే స్థానం మారి పూడిక కలిగించగలవని ఈ ఉదాహరణ తెలుపుతున్నది.

సిద్దిపేట ప్రాంతంలో

సిద్దిపేట పూర్వం మెదక్ జిల్లాలో భాగంగా ఉండి 2016 అక్టోబరు 11న ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది. ఈ ప్రాంతం దక్కన్ పీఠభూమిలోని గ్రానైటు, నైస్ శిలలపై ఉన్నది. పై భాగంలో చలక నేలలు, పల్లపు భాగాలలో రేగడి నేలలు కనిపిస్తాయి. నేల కింద కొన్ని మీటర్ల నుండి సుమారు 20 మీటర్ల వరకు శిథిలమైన రాయి, వాడుకలో చెప్పాలంటే మొరం, ఉంటుంది. దాని కింద పగుళ్లు గల రాయి, ఇంకా కిందికి పోయే కొద్దీ పగుళ్లు తగ్గిన గట్టి రాయి ఉంటాయి. భూగర్భ జలం నిలిచేది ఆ మొరంలో, సాగేది ఆ పగుళ్లలో. వానలో అధిక భాగం నైరుతి రుతుపవనాల నాలుగు నెలలలోనే కురుస్తుంది. కనుక ఆ కొద్ది కాలంలో ఎంత నీరు ఇంకితే అంతే మిగిలిన ఎనిమిది నెలలకు ఆధారం. పైననున్న మార్గాలు పూడిపోయిన సంవత్సరం, మంచి వాన పడినా బావి నిండదు.

చెరువులు

వాన నీటితో పాటు చెరువులోకి వచ్చే మట్టి ఒక క్రమంలో పేరుకొంటుంది. వాగు చెరువులో కలిసే చోట నీటి వేగం తగ్గగానే ముతక ఇసుక పడిపోతుంది. ఒండ్రు ఇంకొంత ముందుకు పోతుంది. బంకమన్ను మాత్రం కట్ట దాపున ఉండే లోతైన నిలకడ నీటిలో దిగుతుంది. అందుచేత చెరువు నిండినప్పుడు అంచుల వద్ద నీరు త్వరగా ఇంకుతుంది. లోతైన మధ్య భాగంలో చాలా నెమ్మదిగా ఇంకుతుంది. వేసవిలో చెరువు ఎండినప్పుడు అడుగున ఉన్న నల్లమట్టి నెర్రెలు విచ్చుతుంది. తొలకరి నీరు ఆ నెర్రెల గుండా వేగంగా దిగుతుంది. కొన్ని రోజులకు మట్టి ఉబ్బి నెర్రెలు మూసుకొనగా ఇంకుడు తగ్గిపోతుంది. కృత్రిమంగా నీటిని ఇంకించే కుంటలను ఇతర దేశాలలో అప్పుడప్పుడు ఎండబెట్టి ఉంచడం ఈ స్వభావాన్ని ఉపయోగించుకోవడమే.

2015 మార్చి 12న తెలంగాణ ప్రభుత్వం ప్రారంభించిన మిషన్ కాకతీయ కార్యక్రమంలో రాష్ట్రంలోని 46 వేలకు పైగా చెరువులను దశలవారీగా పునరుద్ధరించాలని లక్ష్యంగా పెట్టుకొన్నారు. పూడిక మట్టిని తీయించి రైతులు తమ పొలాలకు తరలించుకొనేలా ప్రోత్సహించారు. సిద్దిపేట పట్టణంలోని కోమటి చెరువును ఈ కార్యక్రమం కిందనే మినీ ట్యాంక్‌బండ్‌గా అభివృద్ధి చేశారు. చెరువును పూడ్చిన బంకమన్ను చలక నేలకు పోసినప్పుడు మేలు చేస్తుంది. అక్కడి పెద్ద సందులను కొంతవరకు నింపి తేమను నిలుపుతుంది, పోషకాలను పట్టి ఉంచుతుంది. ఒకే మట్టి ఒక చోట దోషం, మరొక చోట గుణం.

పూడిక తీయడంలో ఒక సున్నితమైన విషయం ఉన్నది. చెరువు అడుగున ఉండే బంకమన్ను పొర నీటిని ఇంకనివ్వకుండా తూము కింది ఆయకట్టుకు నిలిపి ఉంచుతుంది. ఆ పొరను పూర్తిగా తొలగించి మొరం బయటపడేలా తవ్వితే చుట్టుపక్కల బావులలో నీటి మట్టం పెరుగవచ్చును గాని చెరువు త్వరగా ఖాళీ అవుతుంది. తూము నీటిపై ఆధారపడిన రైతుకు, బోరుబావిపై ఆధారపడిన రైతుకు లాభం ఒకే తీరుగా ఉండదు. ఏ చెరువు ఎందుకోసం అన్నది ఊరిలో ముందే నిర్ణయించుకొని, తవ్వే లోతును దానికి తగినట్లు ఎంచుకోవలెను. కట్ట పునాదికి దగ్గరగా తవ్వితే కట్ట కింది నుండి నీరు ఊరి ప్రమాదం కలుగవచ్చును. కనుక కట్ట నుండి తగినంత దూరం విడిచిపెట్టడం ఎప్పుడూ అవసరమే.

ఇంకుడు గుంతలు

సిద్దిపేట జిల్లాలోని ఇబ్రహీంపూర్ గ్రామం ఇంటింటికీ ఇంకుడు గుంతలు తవ్వుకొన్న ఊరిగా పేరు పొందింది. ఇంకుడు గుంతను అడుగున పెద్ద రాళ్లతో, వాటిపై చిన్న రాళ్లు, కంకరతో, అన్నింటికీ పైన ఇసుకతో నింపుతారు. ఈ వరుసకు ఒక కారణం ఉన్నది. ఇసుక పైన ఉంటే మట్టి అక్కడనే ఆగుతుంది, దానిని చేతితో గీకి తీసివేయవచ్చును. పెద్ద రాళ్లు పైన ఉంటే మట్టి వాటి మధ్య నుండి జారి గుంత అడుగును, పక్క గోడలను మూసివేస్తుంది. అప్పుడు మొత్తం గుంతను తవ్వి తీయడం తప్ప మార్గం ఉండదు. అంటే పూడికను ఎలాగూ ఆపలేము కనుక, దానిని చేతికి అందే చోట జరిగేటట్లు చేయడమే ఇందులోని సూత్రం.

ఇంటి కప్పు నుండి వచ్చే వాన నీరు మొదటి వాన తరువాత చాలావరకు శుభ్రంగా ఉంటుంది. వంటింటి, స్నానాల గది నీటిలో సబ్బు, జిడ్డు, అన్నపు మెతుకులు ఉంటాయి. అవి గుంతలో పాచిని పెంచుతాయి. అటువంటి గుంతకు ముందు ఒక చిన్న తొట్టె కట్టి, చెత్తను, జిడ్డును అందులో ఆపి, తేరిన నీటిని మాత్రమే గుంతలోకి వదలవలెను. ఏటా వానాకాలానికి ముందు పై ఇసుకను తీసి కడిగి వేయడం, లేదా కొత్త ఇసుక పోయడం వలన గుంత ఆయుష్షు పెరుగుతుంది.

బోరుబావులు

ఎండిపోయిన బోరుబావిలోకి వాన నీటిని మళ్లించి భూగర్భ జలాన్ని పెంచే పద్ధతి ఉన్నది. పొలం మీది బురద నీటిని వడపోయకుండా నేరుగా బోరులోకి వదిలితే ప్రమాదం. బోరుకు నీరిచ్చే రాతి పగుళ్లు చాలా సన్ననివి, కొద్ది సంఖ్యలో ఉంటాయి. వాటిలోకి చేరిన బంకమన్నును తిరిగి బయటికి తీయడం కష్టం. ఇందుకోసమే బోరు చుట్టూ గుంత తవ్వి, లోపలి కేసింగ్ పైపుకు రంధ్రాలు చేసి, దానికి సన్నని జాలి చుట్టి, గుంతను రాళ్లు, కంకర, ఇసుకతో నింపుతారు. దానికి ముందు నీరు తేరుకొనేందుకు ఇంకొక గుంత ఉండటం మేలు. మురుగు నీటిని, రసాయనాలు కలిసిన నీటిని ఎట్టి పరిస్థితిలోను బోరులోకి వదలరాదు. అది నేరుగా తాగే నీటిలో కలుస్తుంది.

పూడిన బోరును బాగుచేయడానికి కంప్రెసర్‌తో గాలిని బలంగా పంపి ఫ్లషింగ్ చేస్తారు. నీరు వెనుకకు, ముందుకు కదలడం వలన కమానులుగా నిలిచిన కణాలు కూలి బయటికి వస్తాయి. ఒకే దిశలో ఒత్తిడి పెంచితే కమాను మరింత బిగుసుకొంటుంది. దిశ మార్చితే కూలిపోతుంది. అయితే భూగర్భ జల మట్టమే పడిపోయిన బోరు ఫ్లషింగ్ వలన బాగుపడదు. రెండింటికీ తేడా తెలియక రైతులు ఖర్చు పెట్టి నష్టపోయే అవకాశం ఉన్నది. బోరులో నిలకడ నీటి మట్టం పూర్వం వలెనే ఉండి, మోటారు నడిపినప్పుడు మాత్రమే త్వరగా పడిపోతూ ఉంటే పూడికను అనుమానించవచ్చును. నిలకడ మట్టమే లోతుకు పోయి ఉంటే కారణం వేరు.

బిందు సేద్యం

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2003 నవంబరులో సూక్ష్మ సాగునీటి పథకాన్ని ప్రారంభించిన తరువాత తెలుగు నేలపై బిందు సేద్యం విస్తరించింది. సిద్దిపేట జిల్లాలోని ములుగు, గజ్వేల్ పరిసరాలు కూరగాయల సాగుకు ప్రసిద్ధి. శ్రీ కొండా లక్ష్మణ్ తెలంగాణ ఉద్యాన విశ్వవిద్యాలయం కూడ ఈ ములుగులోనే ఉన్నది. డ్రిప్పర్ లోపలి మార్గం వెడల్పు సుమారు ఒక మిల్లీమీటరు ఉంటుంది. అది మూసుకొంటే పైకి ఏమీ కనిపించదు, మొక్క వాడిన తరువాతనే తెలుస్తుంది.

బిందు సేద్యపు నీటి యోగ్యతను అంచనా వేయడానికి వాడే ప్రమాణాల ప్రకారం, లీటరు నీటిలో తేలియాడే పదార్థాలు 50 మిల్లీగ్రాముల లోపు ఉంటే ప్రమాదం తక్కువ, 100 మిల్లీగ్రాములు దాటితే తీవ్రం. ఇనుము లీటరుకు 0.1 మిల్లీగ్రాము లోపు ఉంటే మంచిది, 1.5 మిల్లీగ్రాములు దాటితే తీవ్రం. నీటి పీహెచ్ విలువ 8 దాటితే సున్నం పేరుకొనే అవకాశం ఎక్కువ. వడపోత జాలి రంధ్రం డ్రిప్పర్ మార్గంలో పదో వంతు ఉండవలెనన్నది వాడుకలో ఉన్న నియమం. కమానులు కట్టడాన్ని దృష్టిలో ఉంచుకొని ఏర్పరచినదిది. జాలి రంధ్రం డ్రిప్పర్ మార్గమంత ఉంటే చాలుననుకోవడం పొరపాటు.

నీటి ఆధారాన్ని బట్టి వడపోత సాధనం మారుతుంది. ఇసుక వచ్చే బోరుకు నీటిని సుడి తిప్పి ఇసుకను వేరుచేసే హైడ్రోసైక్లోన్, నాచు ఉండే చెరువు, కుంట నీటికి ఇసుక ఫిల్టరు, అన్నింటికీ చివర జాలి లేదా డిస్క్ ఫిల్టరు అమర్చుతారు. లాటరల్ పైపుల చివరి మూతలు అప్పుడప్పుడు తీసి నీటిని వేగంగా వదలడం వలన చివరన చేరిన మట్టి పోతుంది. సున్నం పేరుకొన్నప్పుడు హైడ్రోక్లోరిక్ ఆమ్లంతోను, పాచి పట్టినప్పుడు క్లోరిన్‌తోను శుభ్రం చేస్తారు. ఆమ్లాన్ని ఎప్పుడూ నీటిలో కలుపవలెను గాని ఆమ్లంలో నీటిని పోయరాదు. ఆమ్లాన్ని, బ్లీచింగ్ పౌడరును ఒకేసారి వాడితే విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది. కాల్షియం ఎరువులను ఫాస్ఫేటు, సల్ఫేటు ఎరువులతో ఒకే ట్యాంకులో కలిపితే గొట్టాలలోనే అవక్షేపం ఏర్పడుతుంది.

మేలు చేసే పూడిక

పూడిక అన్ని వేళలా హాని కాదు. వరి నాటుకు ముందు మడిలో నీరు పెట్టి దమ్ము చేయడం ఉద్దేశపూర్వకంగా పూడికను కలిగించడమే. దమ్ము చేసిన మడిని తెలంగాణలో కరిగెట అంటారు. దున్నినప్పుడు మట్టి గడ్డలు విడిపోయి బంకమన్ను నీటిలో తేలి, తరువాత నెమ్మదిగా దిగి నేల సందులను మూసివేస్తుంది. అందువలన మడిలో నీరు నిలుస్తుంది. అదే మడిలో వరి తరువాత ఆరుతడి పంట వేయదలిస్తే ఆ బిగిసిన పొర వేళ్లకు, నీటికి అడ్డమవుతుంది.

నీటి శుద్ధిలో పూడిక మనుషుల ప్రాణాలు కాపాడింది. 1804లో స్కాట్లండ్ లోని పైస్లీ పట్టణంలోను, 1829లో లండన్ లోను ఇసుక వడపోతలు నెలకొల్పబడ్డాయి. ఈ నెమ్మది వడపోతలో ఇసుక పైభాగాన జీవపదార్థంతో కూడిన పలుచని పొర కడుతుంది. రోగకారక క్రిములను ఆపడంలో ఈ పొర పాత్ర ముఖ్యమైనది. 1892లో జర్మనీలోని హాంబర్గ్ నగరంలో ఎల్బ్ నది నీటిని వడపోయకుండా సరఫరా చేయగా కలరా వలన 8,600 మందికి పైగా మరణించారు. దానికి ఆనుకొని, అదే నదికి దిగువన ఉన్న ఆల్టోనా పట్టణం నీటిని ఇసుకలో వడపోసినందున చాలావరకు బయటపడింది.

ఆధునిక కేంద్రాలలో పటికతో కణాలను గుంపులుగా చేర్చి, తేర్చి, ఆ తరువాత వేగ వడపోత తొట్టెల గుండా పంపుతారు. తొట్టె పూడగానే నీటిని కింది నుండి పైకి పంపి కడుగుతారు. సిద్దిపేట పట్టణానికి 1990వ దశకంలో దిగువ మానేరు జలాశయం నుండి నీటిని తెచ్చిన పథకం తరువాతి కాలంలో మిషన్ భగీరథకు మాదిరిగా నిలిచింది. మిషన్ భగీరథను 2016 ఆగస్టు 7న గజ్వేల్ సమీపంలోని కోమటిబండ వద్ద ప్రధానమంత్రి నరేంద్ర మోదీ ప్రారంభించారు. కుళాయిలో తేటనీరు రావడం వెనుక ఎక్కడో ఒక ఇసుక తొట్టె పూడుతూ, కడగబడుతూ ఉంటుంది.

మట్టి ఆనకట్టలలో కూడ ఈ సూత్రం ఉపయోగపడుతుంది. కట్ట లోపలి నుండి ఊరే నీటితో సన్నని మట్టి కొట్టుకొనిపోతే కట్ట తెగుతుంది. తగిన పరిమాణం గల ఇసుకను అడ్డుపొరగా వేస్తే మట్టి ఆగి నీరు మాత్రం బయటికి పోతుంది. ఆ ఇసుక పరిమాణాన్ని ఎంచుకొనే నియమాలకు కార్ల్ టెర్జాగి అనే ఇంజనీరు పునాది వేశాడు.

నివారణ సూత్రాలు

పై ఉదాహరణలన్నింటి నుండి కొన్ని సాధారణ సూత్రాలను గ్రహించవచ్చును.

మట్టిని పుట్టిన చోటనే ఆపడం. పొలం గట్లు, గడ్డి, చెట్లు చెరువులోకి వచ్చే ఒండ్రును తగ్గిస్తాయి.
వడపోతకు ముందు నీటిని తేర్చడం.
ముతక జాలి తరువాత సన్న జాలి, ఇలా అంచెలుగా వడపోయడం.
పూడిక చేతికి అందే చోట జరిగేలా నిర్మించడం.
ప్రవాహం ఆగిపోయే వరకు వేచి ఉండక, తగ్గుతున్నప్పుడే శుభ్రం చేయడం. ఫిల్టరుకు ముందు, వెనుక ఒత్తిడిని కొలిచే మీటర్లు ఉంటే వాటి మధ్య తేడా పెరగడం పూడికకు తొలి సూచన.
ఎండబెట్టడం, ఎదురు ప్రవాహం, ఆమ్లం, క్లోరిన్ అనే మార్గాలలో పూడిక స్వభావానికి సరిపోయిన దానిని ఎంచుకోవడం. సున్నానికి క్లోరిన్, పాచికి ఆమ్లం సరైన మందులు కావు.

ఇంకుడు గుంతలు, ఇంకుడు కుంటలు, బిందు సేద్యపు పరికరాలు మొదటి సంవత్సరంలో బాగా పనిచేసి తరువాత విఫలం కావడానికి అనేక సందర్భాలలో నిర్మాణ లోపం కాక నిర్వహణ లోపమే కారణం అవుతుంది. పూడిక ప్రతి వానతో కొద్దికొద్దిగా జరిగే ప్రక్రియ. కనుక దాని నివారణ కూడ ఏటా చేయవలసిన పనియే.